బావి దగ్గరి రెండు కడవలు

దేవరాజు పంతులును మనం క్రిందటి వారం ఎండిపోతున్న వరిమడి గట్టు మీద వదిలేసి వచ్చాం. పాపం, ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. సిద్దిపేట నుంచి కొండపాక పోయే బాటలో, బీడు పడ్డ బంచరాయి భూమిలో, మాల మాదిగ పిల్లల కోసం దేవరాజు ఒక బడి పెట్టాడు. పొద్దున పలక, ఎండ వాలాక నాగలి. ఊళ్ళోవాళ్ళు వెక్కిరింతగా ‘నాగలిబడి’ అన్నారు, ఆ పేరే అంటుకుపోయింది. భూమి ఇచ్చింది సర్కారు. ఊరికే ఇస్తుందా? పిల్లల చేతులతో పంట పండినంతకాలమే అది బడిది, బీడు పడితే మళ్ళీ సర్కారుది. సర్కారు చేతికి పోయిందంటే తెల్లారేసరికి దామోదర్‌రావు దొర చేతికి వస్తుందని పసిపిల్లలకు కూడా తెలుసు. రాళ్ళు తప్ప మరేమీ లేని రోజుల్లో దొర ఆ భూమి వైపు కన్నెత్తి చూడలేదు. పిల్లలూ పెద్దలూ కలిసి తవ్విన బావిలో నీళ్ళు పడ్డాకే ఆయనకు దాని మీద ప్రేమ పుట్టింది.

శుక్రవారం తాసిల్దారు పంట చూడటానికి వస్తున్నాడు. సరిగ్గా ఈ వారమే ఎవరో బడి మోటను కోసేశారు. ఎడ్లు గుంజుతుంటే బావిలోంచి నీళ్ళు పైకి తెచ్చి కాలవలో పోసే పెద్ద తోలు సంచి అది. పొద్దున్నే చూస్తే నిలువునా చీలి గిలక కింద వేలాడుతోంది. దొర పని కాక ఇంకెవరి పని? దేవరాజు కోపం పట్టలేక సిద్దిపేట పరుగెత్తాడు. దొర గడీలో వెట్టి చేసే పర్శరాములు పేరు పోలీసు అమీనుకు చెప్పి వచ్చాడు. ముందురోజు సాయంత్రం పర్శరాములు ఆ బావి పక్కగా నడిచిపోవటం ఆయన కళ్ళారా చూశాడు మరి. పోలీసులు వచ్చి పర్శరాములును పట్టుకుపోయారు.

అదీ సంగతి. ఇప్పుడు బుధవారం మధ్యాహ్నం.

దేవరాజు వంగి వరి ఆకును వేళ్ళతో తాకాడు. ఆకులు చుట్టుకుపోతున్నాయి. మడి నెర్రెలు విడిచింది. పొట్ట మీద ఉన్న పైరు ఇది, ఇంకో రెండు రోజులు నీళ్ళు లేకపోతే గింజ పట్టదు, తాలు తప్ప ఏమీ మిగలదు. బావిలో మాత్రం నీళ్ళు నిండుగా ఉన్నాయి.

మోటకు అతుకు వెయ్యగలిగినవాడు ఆ చుట్టుపట్ల ఒక్కడే ఉన్నాడు, కాశయ్య. ఆ మోటను కుట్టింది కూడా అతనే. రమ్మని కబురు పంపితే రాలేదు. మళ్ళీ పంపినా రాలేదు. కాశయ్య కూతురు ఐలవ్వ ఈ ఏడు బడిలో అందరికంటే బాగా చదువుతున్న పిల్ల. అది కూడా మోట తెగిన రోజు నుంచి బడి ముఖం చూడలేదు. దొరకు భయపడుతున్నాడు కాబోలు అనుకుని, ధైర్యం చెబుదామని దేవరాజు తానే మాదిగవాడకు బయలుదేరాడు.

కాశయ్య తోళ్ళు నానబెట్టే లంద దగ్గర ఉన్నాడు. తంగేడు చెక్క నానిన నీళ్ళలోంచి తోలును పైకి తీసి, పిండి, మళ్ళీ ముంచుతున్నాడు. పంతులును చూసి లేవలేదు. అప్పుడే దేవరాజుకు ఏదో తేడాగా తోచింది. ఈ మనిషి ఇంతకుముందు తాను కనబడితే భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకునేవాడు. వద్దని ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు.

“కాశన్నా, పైరు పోతున్నది. నీకు తెలువంది గాదు,” అన్నాడు దేవరాజు.

“తెలుసు.”

“దొరకు భయపడకు. అమీనుకు జెప్పి వచ్చిన. పర్శరాములును లోపలేసిన్రు.”

కాశయ్య చేతులు ఆగాయి. తోలును లందలోకి జారవిడిచి, తడి చేతులు పంచెకు తుడుచుకుని, తాపీగా అన్నాడు.

“వాణ్నెందుకు లోపలేసిన్రు పంతులూ? మోట కోసింది నేను.”

దేవరాజుకు మొదట ఆ మాట తలకెక్కలేదు. ఎక్కాక లంద గట్టు మీదే కూలబడ్డాడు. పంచెకు అంటిన తడి సంగతి కూడా ఆయనకు తెలియలేదు.

“ఎందుకు?” అన్నాడు చివరికి.

“ఎందుకో నువ్వు జెప్పు. నువ్వు సదువుకున్నోనివి.”

దేవరాజు తల వంచుకున్నాడు. నిజం చెప్పాలంటే, ఎందుకో ఆయనకు అప్పటికే తెలిసిపోయింది.

బావిలో నీళ్ళు పడ్డ రోజున అందరూ కలిసే కేరింతలు కొట్టారు. బురద ఎవరి ఒంటి మీద ఎవరు పూశారో ఎవరూ చూసుకోలేదు. మర్నాడు మాత్రం మాలవాడ పెద్ద దుబ్బయ్య వచ్చి పక్కకు పిలిచాడు. “కలిసి తవ్వినం, కలిసి దున్నుతం, కాదనను. తాగేకాడ మాత్రం మాది మాకుండాలె పంతులూ. రేపు నా బిడ్డను ఎవలు జేసుకుంటరు?” అన్నాడు. మోటకు కట్టే ఎడ్లు దుబ్బయ్యవి. ఆ ఊళ్ళో దొరకు జడవకుండా ఎడ్లు ఇచ్చిన మగాడు అతనొక్కడే. దేవరాజు ఆలోచించాడు. కొన్నాళ్ళు పోనీ, బడి నిలదొక్కుకున్నాక సర్దుకుంటుంది అనుకున్నాడు. బావి పక్కనున్న బడి అరుగు మీద రెండు కడవలు పెట్టించాడు. మాల పిల్లలు చేది తమ కడవ నింపుకుంటారు, రెండో కడవలో కాసిన్ని పోస్తారు. మాదిగ పిల్లలు బావి చేద ముట్టరు.

దేవరాజు పుట్టింది ధూళిమిట్ట మాలవాడలో. మెదక్‌లో మిషన్ బడిలో చదివి బాప్తిస్మం పుచ్చుకున్నాక తనకు కులం లేదనుకున్నాడు. ఆ కడవలు పెట్టిన రోజున కూడా అలాగే అనుకున్నాడు.

“ఆ దినం మోటకు ఆముదం రుద్దనీకి వచ్చిన,” అన్నాడు కాశయ్య. “మా కడవల సుక్క లేదు. నా బిడ్డ బావి గడ్డకు దోసిలి వట్టుకొని నిలవడ్డది. పొయ్యిమని అడుగుతున్నది. ఒక్క పోరడు పొయ్యలె. ఎండల మాడి మాడి, చేదతాడు మీద చెయ్యేసింది. దుబ్బయ్య భార్య ఉరికొచ్చి చెంప మీద గొట్టింది. నేను జూస్తనే ఉన్న పంతులూ. నా చేతుల ఆముదం ఉన్నది, నేను కుట్టిన మోట ఉన్నది. నా తోలుల నుంచి వచ్చిన నీళ్లు మీ మడికి మైల గాదు. నా బిడ్డ చెయ్యి మైలనా? తోలు కోసే రంపె ఒళ్లెనే ఉన్నది. పొద్దుమీకి అందరు పోయినంక, ఎట్ల కోసిన్నో నాకే తెల్వదు.”

“నాతోని ఒక్క మాట చెప్పకపోతివి అన్నా.”

“నువ్వు అరుగు మీద కూసొని లెక్కలు జెప్తున్నవ్. నీ ముంగటనే గొట్టింది. నువ్వు తలకాయెత్తి జూసినవ్. మల్ల వంచుకున్నవ్.”

అది నిజం. దేవరాజు చూశాడు. పిల్లల గొడవ అనుకున్నాడు. అనుకున్నాడో, అనుకోవటానికి ఒప్పుకున్నాడో, ఇప్పుడు ఆయనకే తెలియదు.

కాశయ్య అంతటితో వదల్లేదు. “బడి గోడకు బొమ్మ ఒకటి కట్టినవ్. నా బిడ్డ రోజూ దాని ముచ్చటే జెప్తది. అమెరికల నల్లోళ్ల బడంట. వాళ్ల తాతలు బానిసలంట. సర్కారు భూమిస్తె వాళ్లే ఇటుకలు గాల్చుకున్నరంట, వాళ్లే గోడలు వెట్టుకున్నరంట. ముందుగాల నాగలి, సుత్తె నేర్చుకున్నరు, ఇయ్యాల అండ్ల నుంచే డాక్టర్లు, వకీళ్లు వస్తున్నరంట. నిజమేనా?”

“నిజమే. మెదక్ దవాఖానల డాక్టరమ్మ చెప్పింది.”

“గా బడిల గూడ రెండు కడవలున్నయా పంతులూ?”

డాక్టరమ్మ ఒక అమెరికా పత్రికలోంచి ఆ బొమ్మను కత్తిరించి ఇస్తూ చెప్పిన మాటలు దేవరాజుకు నిన్న విన్నట్టే గుర్తున్నాయి. బడి గేటు బయట, ఆ ఊరి బజారులో, తెల్లవాళ్ళు నీళ్ళు తాగేందుకు ఒక నల్లా, నల్లవాళ్ళకు ఒక నల్లా. గేటు లోపల అందరికీ ఒకటే. ఆ ఒక్క మాట కోసమే తాను బడి పెట్టాడు. ఈ కథ పిల్లలకు ఎన్నిసార్లో చెప్పాడు. అలాంటివాడు గేటు బయటిదాన్ని తన చేతులతో మోసుకొచ్చి అరుగు మీద పెట్టాడు.

“ఏం చెయ్యమంటవ్?” అన్నాడు.

“రేపు పొద్దుగాల అతుకు దెస్త. బావికాడ అందరి ముంగట కూసొని కుడత. నా బిడ్డ తన చేతితోని చేది తాగాలె. అది తాగినంకనే ఆఖరి కుట్టు ముడేస్త. ఇగ అమీను సంగతంటవా, ఇప్పుడే సిద్దిపేటకు పోదాం పా. నేనే కోసిన్నని జెప్త. పర్శరాములు నా అసొంటోడే, వాడేం పాపం జేసిండు?”

ఇక్కడే దేవరాజు ఇంకో తప్పు చేశాడు. మొదటి తప్పు మెత్తదనంతో చేశాడు. ఇది మాత్రం తెలిసి తెలిసి చేశాడు.

కాశయ్య నిజం చెబితే శుక్రవారం వచ్చే తాసిల్దారు పంటను చూడడు. దొర మనిషి మీద అబద్ధపు ఫిర్యాదు చేసిన పంతులును చూస్తాడు. మాదిగవాడే మోట కోశాడని దొర ఊరంతా చాటిస్తాడు. బడి పోతుంది, భూమి పోతుంది. పంట చేతికొస్తే పై తరగతులు పెట్టాలని, ఐలవ్వ లాంటి పిల్లలు సిద్దిపేట బడి వరండా మెట్ల దగ్గర విడిగా కూర్చునే గతి తప్పించాలని కట్టుకున్న ఆశంతా పోతుంది. ప్రపంచ యుద్ధం ముగిసిందని లోకమంతా పండగ చేసుకుంటున్న ఏడు అది. ఆయన యుద్ధం మాత్రం ఒక వరిమడి దగ్గర ఓడిపోయేటట్టుంది.

“శుక్రవారం దాక ఆగు కాశన్నా,” అన్నాడు. ఆ మాట అంటూనే తన మీద తనకు అసహ్యం వేసింది. “తాసిల్దారు జూసి పోనీ. ఎంటనే నేనే అమీను కాళ్లు వట్టుకొని పర్శరాములును విడిపిస్త.”

“నువ్వు ఊకోమంటె ఊకుంట. ఈ పాపం మాత్రం నీదే,” అని కాశయ్య మళ్ళీ లంద మీదికి వంగాడు.

ఆ రాత్రి దేవరాజు భార్య పద్మమ్మ అన్నం పెడితే ఆయన ముద్ద కలుపుతూ కూర్చున్నాడు. ఏమైందని ఆమె అడిగింది. ఆయన చెప్పలేదు. పర్శరాములు మొరటు మనిషి, ఒళ్ళు వంచి పనిచేసేవాడు, ఒక్క రెండు రోజులు ఓర్చుకోలేడా అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. కష్టపడేవాడి ఒళ్ళు ఎంతకైనా ఓరుస్తుందని దొరలు కూడా అంటారని గుర్తొచ్చి, కంచం ముందు నుంచి లేచిపోయాడు.

గురువారం పొద్దున్నే కాశయ్య వచ్చాడు. భుజం మీద తోలు అతుకు, రొంటిన తోలు కుట్టే ఆరె, నడుముకు తోలుదారం. వెనకాల ఐలవ్వ. పిల్ల చెంప మీద వాపు తగ్గింది కానీ కళ్ళు నేలను విడవటం లేదు. కాశయ్య మోటను గిలక కింది నుంచి దింపి, బావి గడ్డ మీద పరిచి, కుట్టటం మొదలుపెట్టాడు. ఆరె తోలులో దిగుతున్న చప్పుడు అందరికీ వినబడుతోంది. మడి నీళ్ళు ఎప్పుడు తాగుతుందో చూద్దామని రెండు వాడల జనమూ వచ్చారు. దుబ్బయ్య ఎడ్లను కాడికి కట్టి సిద్ధంగా నిలబెట్టాడు.

దేవరాజు అరుగు దగ్గరికి నడిచాడు. రెండు కడవల్లో అంచు విరిగినదాన్ని ఎత్తుకున్నాడు. అంచు విరిగింది ఎవరిదో వేరే చెప్పాలా? దాన్ని బావి గడ్డకు తెచ్చి, అందరూ చూస్తుండగా రాయికేసి కొట్టాడు. పెంకులు కాళ్ళ మీద పడ్డాయి.

“ఇయ్యాల్టి నుంచి ఈ బడిల ఒకటే కడవ,” అన్నాడు. “ఎవలి దూప వాళ్లే చేదుకొని తీర్చుకుంటరు. ముందుగాల ఐలవ్వ చేదుతది.”

దుబ్బయ్య ఎడ్ల పక్క నుంచి ముందుకు వచ్చాడు. అతని గొంతులో కోపం కంటే బాధ ఎక్కువగా ఉంది.

“పంతులూ, దొర ముంగట నీ ఎనక నిలవడ్డది నేను. నా కొడుకు నాగలి మొయ్యొద్దు, కలం వట్టాలె అంటె, ముందుగాల భూమి నిలవడనీ, అన్ని జేద్దాం అన్నవ్. సరే అన్న. ఎడ్లు అడిగినవ్, ఇచ్చిన. ఇయ్యాల నా వాడల నా మొకం ఎట్ల సూపిస్త?”

“నీ ఎడ్లు గుంజుకొచ్చే నీళ్లు ఎవలి తోలులకెళ్లి వస్తున్నయి దుబ్బన్నా?” అన్నాడు దేవరాజు. “ఈ మాట నేను ఎప్పుడో అడగాల్సి ఉండె. అడగలె. తప్పు నాది.”

“తప్పు నీదైతే దండుగ నేనెందుకు కట్టాలె?” అని దుబ్బయ్య కాడి దించాడు. ఎడ్లను విప్పి పగ్గాలు చేతికి చుట్టుకున్నాడు. అతని కొడుకు పలక చంకలో పెట్టుకుని అటూ ఇటూ చూసి, తండ్రి వెనక నడిచాడు. ఒక్కొక్కరే మాలవాడ పిల్లలు లేచారు. తోలు వచ్చిన రోజునే ఎడ్లు పోయాయి. మోట అతుక్కున్నా గుంజేదెవరు? అయినా దేవరాజు వెనక్కి పిలవలేదు. పిలిస్తే మళ్ళీ ఏ బేరానికి ఒప్పుకుంటాడో తనమీద తనకే నమ్మకం లేదు.

“చేదు బిడ్డా,” అన్నాడు.

ఐలవ్వ తాడు పట్టుకుంది. చేద నీళ్ళను తాకిన చప్పుడు కింది నుంచి వచ్చింది. బావి తవ్వినప్పుడు తట్టలు మోసిన పిల్ల అది. ఆ బావిలో ఆమె చేద ముంచటం ఇదే మొదలు. పైకి లాగి, మిగిలిన ఒక్క కడవలో పోసి, దోసిలి ముంచబోయింది.

“ఓ పంతులూ.”

బాట వైపు నుంచి ఒక ముసలామె వస్తోంది. కాళ్ళు మోకాళ్ళ దాకా దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. పెదవులు పగిలాయి. ఆమె సాయవ్వ, పర్శరాములు తల్లి, మాలవాడ మనిషే. తెల్లవారకముందే సిద్దిపేటలో బయలుదేరి నడుచుకుంటూ వచ్చింది. బావి గడ్డకు వచ్చి నిలబడలేక కూలబడింది. ఎదురుగా కడవ కనబడింది. ఎవరి కడవ, ఎవరు చేదిన నీళ్ళు అని అడగలేదు. దోసిలి పట్టింది. ఐలవ్వ ఒక్క క్షణం తండ్రి వైపు చూసి, కడవ వంచి పోసింది. సాయవ్వ కడుపు నిండా తాగింది. ఎడ్లతో గట్టు దాకా పోయిన దుబ్బయ్య అక్కడే నిలబడిపోయి చూస్తున్నాడు.

“నా కొడుకును గొట్టిన్రు పంతులూ,” అంది సాయవ్వ కొంగుతో మూతి తుడుచుకుంటూ. “కుడి చెయ్యి లేస్తలేదు. దొర నాకేం ఎరుక లేదన్నడు. వాడు మాత్రం నేను కొయ్యలేదవ్వా, నేను కొయ్యలేదవ్వా అని ఒకటే ఏడుస్తుండు. ఒప్పుకోకపోతే ఇయ్యాల ఇంకో చెయ్యి ఇరగ్గొడ్తమని అమీను అన్నడు. నువ్వు చూసినవంట గద. అబద్ధమాడెటోనివి గాదని అందరంటరు. నీ చెయ్యి గీ నీళ్లల్ల వెట్టి, ఒట్టేసి నా కొడుకే కోసిండని జెప్పు. జెప్తె ఎనక్కు మర్లిపోత, వాడి పేరు గూడ ఎత్తను.”

ఆమె రెండు చేతులతో కడవను ఆయన ముందుకు నెట్టింది.

దేవరాజు కడవలోకి చూశాడు. ఒక్క మాట చాలు, శుక్రవారం దాకా బడి బతుకుతుంది. ఒక్క మాట చాలు, ఈ ముసలామె ఉత్త చేతులతో సిద్దిపేట తిరిగిపోతుంది. నిజం చెబితే ఈ గడ్డ మీదే, కూతురు ముందే కాశయ్య దోషి అవుతాడు. అటు చూస్తే మడి. ఇటు చూస్తే పెంకులు. దేవుడా అనుకున్నాడు, ఆ పైన ఏమని అడగాలో తోచలేదు. చెయ్యి చాచి నీళ్ళలో పెట్టాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి.

“సాయవ్వా,” అని మొదలుపెట్టాడు.

“ఆగుండ్రి సారూ.”

ఐలవ్వ. ఈసారి పిల్ల కళ్ళు నేల మీద లేవు. సాయవ్వ పగిలిన పెదవుల మీద ఉన్నాయి. ఆ తర్వాత నెమ్మదిగా తండ్రి మీదికి మళ్ళాయి.

“మోట ఎవలు కోసిన్రో నేను జూసిన అవ్వా.”

కాశయ్య చేతిలోని ఆరె తోలులో సగం దిగి, అక్కడే ఆగిపోయింది.